వినిన పాటల పద్దు

లెక్కలు వ్రాసికొనుట మనవారికి క్రొత్త కాదు. అంగడివాడు నాటి బేరమును నాడే చిట్టాకెక్కించును. చిట్టానుండి ఎవరి ఖాతా వారికి విడదీసి ఆవర్జాలో వ్రాసికొనును. రైతు కళ్లమునొద్ద గింజల లెక్క తప్పనీయడు. ఇల్లాలు పాలలెక్కను గోడమీద బొగ్గుగీతలుగా నిలుపుకొనును. ధనమునకును, ధాన్యమునకును, పాలకును లెక్క యున్నది గాని, వినిన పాటకు లెక్క వ్రాయు వాడుక మనలో లేదు. గాలిలో పుట్టి గాలిలో కలిసిపోవు పాటకు పద్దేమిటని పెద్దలు తలచియుందురు. ఈ శతాబ్దారంభమునుండి ఆ పద్దును వ్రాయు పనిముట్లు కంప్యూటరులలో వెలసినవి. అవి మేలు చేయునా, కీడు చేయునా, మన విద్యార్థులు వానిని ఏ తీరున వాడుకొనవలెను అను విషయమును ఈ సంచికయందు కొంత విచారింప దలచితిమి.

ఈ పనిముట్టు చేయు పనిని సులభముగనే చెప్పవచ్చును. కంప్యూటరులో పాటలు వినిపించు సాఫ్టువేరు ఒకటి యుండును గదా. దాని ప్రక్కన, తెఱమీద ఒక మూల, ఈ చిన్న సాఫ్టువేరు గుమాస్తావలె కూర్చుండును. పాట మొదలైనంతనే దాని పేరు, పాడినవారి పేరు, ఆల్బము పేరు, నిడివి గ్రహించును. పాట కొంతదూరము సాగిన పిమ్మట, ఏ దినమున ఏ గంటకు ఏ నిమిషమునకు అది మ్రోగెనో వ్రాసి చిట్టాకెక్కించును. ఇంటర్నెట్టు ఉన్నచో ఆ పద్దును అప్పుడే దూరమందలి పెద్ద కంప్యూటరునకు పంపును. గాలివానకు తీగలు తెగి ఇంటర్నెట్టు ఆగినచో, పద్దులను తనవద్దనే దాచుకొని, మరల కలిసినపుడు ఒక్కసారిగ పంపును. దూరమందలి కంప్యూటరు ఆ చిట్టానుండి ఆవర్జా కట్టును. ఈ వారము మీరు ఎక్కువగా వినిన గాయకుడెవరు, ఈ సంవత్సరము ఏ పాట నెన్నిమారులు వింటిరి, మీవంటి యభిరుచి గలవారు వేఱెవరు, వారు విని మీరు వినని పాటలేవి అనునవి యన్నియు లెక్కగట్టి మీ యెదుట నుంచును.

దీని పుట్టుక ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున జరిగినది. అచ్చట కంప్యూటరు శాస్త్రము చదువుచుండిన రిచర్డ్ జోన్స్ అను విద్యార్థి తన చదువులో భాగముగ 2002లో ‘ఆడియోస్క్రాబ్లర్’ అనుదానిని నిర్మించెను. వినిన పాటను పద్దుకెక్కించుటకు ‘స్క్రాబ్లింగు’ అను మాట ఆనాటినుండియే వాడుకలోనికి వచ్చినది. అదే 2002లో లండనులో ‘లాస్ట్.ఎఫ్ఎం’ అను సంస్థ ఇంటర్నెట్టు రేడియోగా ఆరంభమైనది. 2005లో ఈ రెండును ఏకమైనవి. 2007లో సి.బి.ఎస్. అను అమెరికా సంస్థ ఈ లాస్ట్.ఎఫ్ఎంను 28 కోట్ల డాలర్లకు కొనెను. ఒక విద్యార్థి చదువులో భాగముగ చేసిన పని అయిదేండ్లలో ఇంతటి వ్యాపారములో భాగమైనదని మన విద్యార్థులు గమనింతురు గాక. అయితే ఆ వెల దేనికి వచ్చెనో కూడ గమనింపవలెను. ఆ సంగతి ముందు చెప్పుదుము.

మొదట మేలును చెప్పుట న్యాయము. దినచర్య వ్రాసికొనువాడు తన్ను తాను ఎఱుగును. విజయనగరమున నివసించిన గురజాడ అప్పారావుగారు (1862–1915) దినచర్యలు వ్రాసికొనెడివారు. అవి తరువాత అచ్చయి, ఆ కాలమును, ఆ మహనీయుని మనస్సును తెలిసికొనగోరు వారికి నేటికిని ఆధారములై యున్నవి. పాటల పద్దు కూడ ఒక విధమగు దినచర్యయే. నేను శాస్త్రీయసంగీత మెక్కువగా విందునని చెప్పుకొను వానికి, అతని పద్దు చూపినచో, సంవత్సరములో రెండుమారులు మాత్రమే వినెనని తెలియవచ్చును. పరీక్షల కాలమున ఏమియు వినలేదని నమ్మువానికి రాత్రి పదునొకండు గంటల పద్దులు సాక్ష్యము చెప్పవచ్చును. జ్ఞాపకము మనకు ఇష్టమైనట్లు మాటాడును. పద్దుకు మొగమాటము లేదు. తన్ను గూర్చి తాను నిజము తెలిసికొనుట విద్యలో మొదటి మెట్టు గనుక ఈ ఉపకారమును తక్కువగ చూడరాదు.

రెండవ మేలు, దారి చూపుట. ఒకరి పద్దును వేలమంది పద్దులతో పోల్చి, ఈ పాటను ఇష్టపడినవారు ఆ పాటను కూడ ఇష్టపడిరని ఆ కంప్యూటరు చెప్పగలదు. పూర్వము ఈ పనిని ఊరిలో గ్రామఫోను గల పెద్దమనిషి చేసెడివాడు. తరువాత రేడియో చేసెను. నేడు సోంపేట, కవిటి, ఇచ్ఛాపురము ప్రాంతములనుండి పొట్టకూటికై దూరదేశములకు వెడలిన మనవారు అనేకులు కలరు. అట్టి యొకడు పరాయి ఊరిలో పని ముగించుకొని వచ్చి పి. సుశీలగారి పాట పెట్టుకొనినప్పుడు, అదే పాటను అదే వారమున వినిన తెలుగువారు ఇందఱు కలరని ఆ పద్దు వానికి చూపును. ఒంటరివానికి అది చిన్న యోదార్పు కాదు.

ఇక లోపములు విచారింతము. వానిలో మొదటిది కొలతయందున్నది. ఆడియోస్క్రాబ్లరు నియమము ప్రకారము, 30 సెకనులకు మించిన పాటయే పద్దునకు అర్హము. అది సగము మ్రోగినను, లేక 4 నిమిషములు మ్రోగినను, ఏది ముందైన దానితో పద్దు పడును. చూచుటకు ఈ నియమము న్యాయముగనే యున్నది. కాని లెక్క వేసి చూడుడు. ఒక విద్యాంసుడు రాగము, తానము, పల్లవి 40 నిమిషములు వాయించినాడనుకొందము. శ్రోత ఆసాంతము శ్రద్ధగా వినినను పద్దు ఒక్కటే. ఆ 40 నిమిషములలోనే 3 నిమిషముల పాటలు 13 వినినవానికి పద్దులు 13. ఆవర్జాలో రెండవవాని గాయకుడు పదమూడు రెట్లు పెద్దవాడుగ కనబడును. మఱియు, 4 నిమిషములు గడిచిన పిమ్మట శ్రోత నిద్రపోయినను, లేచి బజారునకు పోయినను, పద్దు పద్దే. విజయనగర సంగీత కళాశాలలో ఆచార్యులుగ నుండి, 1936లో దానికి అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారి (1893–1964) ఫిడేలు నాదమునకును, చరణము చేరకముందే సగమునకు కత్తిరించి వినిన పాటకును ఆ కొలబద్ద ఒక్క తీరున పని చేయును. మానికతో గింజలు కొలువవచ్చును గాని మల్లెపూల వాసన కొలువ సాధ్యమా?

యంత్రము ‘మ్రోగినది’ అని వ్రాయును. మనము దానిని ‘వినినది’ అని చదువుకొందుము. ఈ రెంటికిని గల దూరము సంగీతము నేర్చినవారికి తెలియును. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) బాల్యమున సంగీతము నేర్చుకొనగోరి విజయనగరము చేరి, మధూకరము నెత్తి కడుపు నింపుకొని, సాలూరివారైన పట్రాయని సీతారామశాస్త్రిగారి శిక్షణలో పాట నేర్చిరి. గురువు పాడగా శిష్యుడు విని, తాను పాడి, తప్పు దిద్దించుకొని, మరల వినెడి ఆ విద్యలో ఎన్నిమారులు అను ప్రశ్నకు చోటు లేదు. పట్టుబడినదా లేదా అనునదే ప్రశ్న. వినుట యనగా చెవి యొగ్గుట, మనస్సు నిలుపుట, వినినదానిని లోపల మరల పలికించుకొనుట. ఈ మూడింటిలో ఒక్కటియు కంప్యూటరు మూలనున్న గుమాస్తాకు కనబడదు. కనబడనిదానిని వ్రాయలేదని దానిని నిందింప పని లేదు. వ్రాసినదే సర్వమని మనము నమ్ముటయే తగదు.

రెండవ లోపము ఆ పద్దువలన పుట్టు పోటీ. లెక్క ఉన్నచోట పందెము పుట్టుట లోకసహజము. నాకు ఏబదివేల పద్దులున్నవి, నీకెన్ని అని అడుగు బాలురును, సంఖ్య పెంచుటకై రాత్రియంతయు శబ్దము తగ్గించి పాటలు నడిపించు బాలురును లోకమున కలరు. ఏ పాటను వినుచు నలుగురిలో కనబడిన గౌరవమో ఆ పాటను మాత్రము పద్దుకెక్కనిచ్చి, తమకు నిజముగ ఇష్టమైనదానిని పద్దునుండి చెఱిపివేయువారును కలరు. అప్పుడది దినచర్యగా మిగులదు. పెండ్లిచూపులకు వేసికొనిన వేషమగును. ఇల్లలుకగానే పండుగ కాదన్నట్లు, పద్దు పెరిగినంతమాత్రమున సంగీతజ్ఞానము పెరుగదు. ఈ పందెమువలన నష్టపోవునది మొదట చెవి, తరువాత సత్యము.

మూడవ లోపము మన తెలుగువారికి ప్రత్యేకముగ తగులునది. ఈ చిట్టాలోని గడులు పాశ్చాత్యుల రికార్డుల నుద్దేశించి గీసినవి. గాయకుడు, ఆల్బము, పాట అను మూడు గడులు చాలునని వారి యభిప్రాయము. మన సినిమా పాటకు గాయకుడు, గాయని, సంగీతదర్శకుడు, పాట వ్రాసిన కవి యని నలుగురు కర్తలు. 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’ని తీసికొనుడు. సంగీతము సాలూరు సమీపమందలి శివరామపురమున జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారిది. పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. పాడినవారిలో ఘంటసాలగారును, భానుమతిగారును కలరు. ఆ పాటలు ఒకరి కంప్యూటరులో ఘంటసాలగారి పేరను, ఒకరిదానిలో భానుమతిగారి పేరను, ఇంకొకరిదానిలో రాజేశ్వరరావుగారి పేరను నిలిచియుండవచ్చును. పేరే లేక ‘మొదటి పాట’, ‘రెండవ పాట’ అని యుండుటయు అరుదు కాదు. కృష్ణశాస్త్రిగారికి ఆ మూడు గడులలో చోటే లేదు. రాగమునకు గడి లేదు, తాళమునకు గడి లేదు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో పనసకఱ్ఱను తొలిచి వీణ చేసిన వడ్రంగికి గడి యుండునని యాశింపనే పనిలేదు.

పేర్ల వ్రాతలో మఱియొక చిక్కు కలదు. పద్దులలో పెక్కింటిని ఆంగ్లాక్షరములలోనే వ్రాయుదురు. సుశీలగారి పేరులోని ‘శీ’ని ఒకరు ఒక తీరున, వేఱొకరు వేఱొక తీరున వ్రాయుదురు. ముందున్న ‘పి’ అను పొడియక్షరము తరువాత చుక్క పెట్టువారు కొందఱు, పెట్టనివారు కొందఱు. యంత్రము వీరినందఱను వేర్వేఱు గాయనులుగ తలచును. 1935లో విజయనగరమున జన్మించిన ఆ మహాగాయని పాడిన పాటలు 17,695 అని 2016లో గిన్నిస్ వారు లెక్కించి గుర్తించిరి. పాడిన పాటల లెక్క అంత జాగ్రత్తగా తేలగా, వినిన పాటల లెక్క అక్షరదోషములచేత ముక్కలు ముక్కలగుచున్నది. ముక్కలైన లెక్క చిన్నదిగా కనబడును. చిన్నదిగా కనబడినదానిని యంత్రము ఇతరులకు చూపదు. ఈ విధముగ అజాగ్రత్తగా వ్రాసిన ఒక పేరు ఒక కళాకారుని కీర్తిని కొంత తగ్గించుచున్నది.

నాల్గవ లోపము అన్నింటికంటె పెద్దది. యంత్రము తాను మ్రోయించిన పాటనే యెఱుగును. మన ఉత్తరాంధ్రమున వినదగినదానిలో ఎంత భాగము యంత్రమున మ్రోగును? ఱొమ్మునకు రేకువాద్యమును కట్టుకొని, వలయముగ ఆడుచు పాడు తప్పెటగుళ్లవారి పాట ఏ చిట్టాకెక్కును? రాత్రి తెల్లవార్లు సాగు జముకుల కథ ఏ ఆవర్జాలో కలదు? నాట్లు వేయుచు స్త్రీలు అందుకొను పాటలు, తిరుగలి త్రిప్పుచు అవ్వలు పాడిన పాటలు, తల్లి జోలపాట, మన ప్రార్థనాలయమున పిల్లలు గొంతు కలిపి పాడిన పాట — వీనిలో ఒక్కటియు పద్దునకు రాదు. బొబ్బిలి దాపున అజ్జాడలో పుట్టి, హరికథాపితామహులని పేరొంది, 1919లో విజయనగర సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) గజ్జెకట్టి కథ చెప్పిన రాత్రులు ఎన్నియో. అయిదు తాళములను ఏకకాలమున నడిపెడివారని ఆయనకు ప్రసిద్ధి. ఆ కథలు వినిన వేలమంది చెవుల లెక్క ఏ యంత్రమందును లేదు. అంతమాత్రమున ఎవ్వరును వినలేదందుమా?

ఇచ్చట ఒక ప్రమాదము పొంచియున్నది. యంత్రము సలహా చెప్పుటకు పద్దులే ఆధారము. పద్దులో లేనిది సలహాలోనికి రాదు. సలహాలోనికి రానిది రేపటి బాలుని చెవికి చేరదు. చెవికి చేరని పాటను పాడువాడుండడు. నేడు మనము వినోదముకొఱకు వ్రాయించుకొను లెక్క రేపు ఏ పాట బ్రదుకవలెను, ఏ పాట చావవలెను అని తీర్పు చెప్పు స్థితికి వచ్చుచున్నది. పెద్ద నగరముల పాటలకు ఈ భయము లేదు. శ్రీకాకుళము పల్లెల పాటలకు కలదు.

అయిదవ విషయము తల్లిదండ్రులు ప్రత్యేకముగ గమనింపవలసినది. ఈ పద్దు ఎవరి సొత్తు? లాస్ట్.ఎఫ్ఎం 28 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయినపుడు అది స్వయముగ పాడిన పాట యొక్కటియు లేదు. దానికి గల గొప్ప సంపద లక్షలమంది శ్రోతలు తమంతట తాము వ్రాయించిన పద్దులే యని మా యభిప్రాయము. ఒక్కొక్కరి పద్దు కానికి కొఱగాదు. అన్నియు కలిసినచో కోట్లు పలుకును. అంతేగాక, పద్దులో పాట పేరే కాదు, గంటయు నిమిషమును కూడ కలవు. ఒక బాలిక ఏ వేళ మేల్కొనియుండునో, ఏ దినమున ఇంట నుండెనో, ఏ నెలలో విచారపు పాటలే వినెనో, తెలియనివాడు దూరమునుండి చదివి గ్రహింపవచ్చును. ఇంటి పాలలెక్క గోడమీద నున్నను అది మన వంటయింటి గోడ. వీధిగోడమీద వ్రాసికొనువారు కలరా?

మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 సంవత్సరములు నిండనివారిని బాలురుగ పరిగణించినది. అట్టివారి సమాచారమును గ్రహించుటకు తల్లిదండ్రుల సమ్మతి యుండవలెననియు, వారి నడవడిని వెంబడించి గమనించుట కూడదనియు అందు విధించిరి. చట్టము చేయవలసినది చట్టము చేయును. కాని తన బిడ్డ దేనికి సమ్మతి తెలిపెనో తండ్రి చదువనిచో చట్టమేమి చేయగలదు?

ఇతరుల యొద్దనున్న పద్దు శాశ్వతము కాదనుటకు కూడ నిదర్శనములు కలవు. లాస్ట్.ఎఫ్ఎం వారి రేడియో 2014లో నిలిచిపోయినది. గూగులు వారి ‘ప్లే మ్యూజిక్’ 2020లో మూతపడగా, అందు పాటలు కూర్చుకొనినవారు వేఱుచోటికి మార్చుకొనవలసివచ్చినది. ‘మైస్పేస్’ అను సంస్థయందు ఏండ్ల తరబడి జనులు దాచుకొనిన పాటలు పోయినవని 2019లో వెల్లడియైనది. పరుల పెట్టెలో పెట్టిన ధాన్యము మన గాదెలోనిది కాదు.

ఇన్ని లోపములుండగా ఈ పనిముట్టును పూర్తిగ విడిచిపెట్టుడని చెప్పు పెద్దలు కొందఱు కలరు. వారి యెడ మాకు గౌరవము కలదు గాని వారి తీర్పు మాకు సమ్మతము కాదు. ఏలయన, నేడు పద్దు వ్రాయబడకుండుట మన చేతిలో లేదు. స్పాటిఫై వంటి సంస్థలద్వారా పాట వినువాని పద్దును ఆ సంస్థయే వ్రాసికొనును. 2016నుండి ఆ సంస్థ ఏటేట ‘ర్యాప్డ్’ అను పేర ఎవరి లెక్క వారికి రంగులతో అలంకరించి చూపుచున్నది. 2019లో అది భారతదేశమునకును వచ్చినది. అందు గుమాస్తాను నియమించినది వినువాడు కాదు, దుకాణదారుడు. కంప్యూటరులో పద్దు వ్రాయు సాఫ్టువేరును మన చేతులతో మనమే పెట్టుకొందుము, వలదనినపుడు ఆపుదుము, తప్పు పద్దును కొట్టివేయుదుము. కావున ఈ కాలమున ఆ పాత పనిముట్టే మేలైనది. పద్దు ఎట్లును పడుననినప్పుడు మన పుస్తకమున మన గుమాస్తాచేత పడుట మంచిది గదా.

కావున మన విద్యార్థులకు మేము చెప్పునది నాలుగు మాటలు.

మొదటిది: పద్దును మీ కంప్యూటరులోనే యుంచుకొనుడు. పాటలు వినిపించు సాఫ్టువేరులు కొన్ని ఆ లెక్కను ఇంటిలోనే దాచి, బయటికి పంపకుండ ఉండగలవు. బయటి సంస్థ సహాయము కావలసినచో మొదట తల్లిదండ్రులతో చెప్పుడు. అసలు పేరు, ఊరు, బడి వ్రాయకుడు. ఇతరులకు కనబడకుండ దాచు సదుపాయము కలదేమో చూచి దానిని వాడుడు. మెటాబ్రెయిన్జ్ వారి ‘లిజన్‌బ్రెయిన్జ్’ వంటివి లాభాపేక్ష లేనివి, మన పద్దును మనకు తిరిగి యిచ్చునవి. అయినను అచ్చటి పద్దులు లోకమునకంతకును బహిరంగములని మఱువకుడు.

రెండవది: పేర్లు సరిగ వ్రాయుడు. పాడినవారి పేరు, సంగీతదర్శకుని పేరు, కవి పేరు, సినిమా పేరు, సంవత్సరము తెలిసికొని, సాధ్యమైనచోట తెలుగు లిపిలో నింపుడు. ఇది బాలురు చేయదగిన పని. సెలవుదినమున పది పాటల పేర్లు సరిచేసిన విద్యార్థి మన సంగీతమునకు చిన్న సేవ చేసినవాడగును. ఈ పనిలో తెలుగు వ్రాతయు, చరిత్రయు, ఓపికయు అభ్యాసమగును.

మూడవది: సంఖ్యను ఒకరితో నొకరు పోల్చుకొనకుడు. పోల్చదలచినచో, ఈ నెల ఒక పాటను ఎంత బాగుగ వినితిమో పోల్చుకొనుడు. దాని రాగమేదో, అందు ఏ వాద్యము ఎచ్చట ప్రవేశించెనో, మాట యొక్కటి ఎందుకు సాగదీయబడెనో చెప్పగలవాడు పదివేల పద్దులవానికంటె ధనవంతుడు.

నాల్గవది: యంత్రము వ్రాయలేనిదానిని మీరు వ్రాయుడు. ఒక రెండణాల పుస్తకమంటిది, నేటి వెలలో ఎంతైనను సరే, ఒక చిన్న నోటుపుస్తకము ప్రత్యేకముగ పెట్టుకొనుడు. ఊరి జాతరలో తప్పెటగుళ్లు వినిన రాత్రి తేదీ వేసి వ్రాయుడు: ఎవరి దళము, ఏ కథ, ఏ పాట. మీ అవ్వ తిరుగలిపాట పాడినచో ఆమె సమ్మతితో పలుకులు వ్రాసికొనుడు, సాధ్యమైనచో ఫోనులో ఆమె గొంతును కూడ నిలుపుకొనుడు. యంత్రము వ్రాసిన పద్దునకు ఈ చేతిపద్దును చేర్చినప్పుడే మీరు ఈ సంవత్సరము వినినదాని లెక్క సరియగును. యంత్రపు పద్దులు వేలుండవచ్చును, చేతిపద్దులు పండ్రెండే యుండవచ్చును. ముందు ముందు వెదకువారికి దొరకనివి ఆ పండ్రెండే.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లల పద్దును నేరవిచారణకు సాక్ష్యముగ వాడకుడు. పరీక్షలముందు రాత్రి పాట వినెనని పద్దు చూపి దండించినచో, ఆ బాలుడు పాట మానడు, పద్దు దాచును, అబద్ధమాడుట నేర్చును. దానికి మాఱుగ, నెలకొకమారు వానితో కూర్చుండి, ఈ నెల ఏమి వింటివి, నాకొకటి వినిపింపుమని యడుగుడు. మీ కాలపు పాట నొకటి వానికి వినిపింపుడు. అట్టి ఘడియలో ఇంటిలోని రెండు తరముల చెవులు ఒకచోట చేరును.

మన యుపాధ్యాయులకు కూడ ఇందు పని కలదు. గణితము చెప్పువారు పై 40 నిమిషముల లెక్కను తరగతిలో చేయించి, కొలబద్ద మాఱినచో ఫలితమెట్లు మాఱునో చూపవచ్చును. పద్దులకు బదులు నిమిషములు లెక్కించినచో ఎవరు మొదట వత్తురు, ఎవరు వెనుకబడుదురు అని ప్రశ్నింపవచ్చును. తెలుగు చెప్పువారు పల్లెపాటల చేతిపద్దులను సేకరింపించి, వానిలో మేలైనవానిని ఈ సంచికలోనే అచ్చువేయింపవచ్చును. పద్దు వ్రాయుటకు విలువ యున్నదని ఉపదేశముచేత కంటె ఇట్టి పనిచేత బాలురు త్వరగ గ్రహింతురు.

పద్దు వ్రాయువాడు లోకమున ఎప్పుడును యజమాని కాలేదు. యజమాని చెప్పినది వ్రాయుటయే వాని ధర్మము. మన చెవులకు మనమే యజమానులమై యున్నంతవఱకు ఈ గుమాస్తావలన మనకు భయము లేదు. వాడు వ్రాసినదానిని చదువుకొందము, వాడు తప్పిన పేర్లను దిద్దుదము, వానికి వినబడని పాటలను మన చేతితో చేర్తుము. రాబోవు సంవత్సరపు సంచికకు మన విద్యార్థులు తమ చేతిపద్దులనుండి ఒక్కొక్క పాటనైనను పంపుదురని ఆశించుచున్నాము.